లేని రూలు

ఒక పుష్కరకాలం పాటు నేనొక అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాను. పంటి సందున ఇరుక్కున్న జొన్నపొట్టు లాంటిది అది. తింటూనే ఉంటాం, నలుగురితో నవ్వుతూనే ఉంటాం, నాలుక మాత్రం తిరిగి తిరిగి దాని దగ్గరికే పోతుంది. ఇప్పుడది లేదు. పోయిన ఎండాకాలం తీసేశాను. తీసినచోట ఇంకా సలుపుతోంది, నిజమే. అయినా నాలుకకు ఆ పని తప్పింది. ఆ హాయి ఎలాంటిదో ఎవరికైనా చెప్పాలనిపించింది. హాయి గురించి చెప్పాలంటే ముందు చేసిన పని చెప్పాలి కదా. ఇన్నాళ్ళూ కలం అక్కడే ఆగిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. నా పేరు రాయను. నా భార్య పేరు అసలే రాయను. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆమెను నర్సమ్మ అని పిలిచేవి. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

నేను ఆ రోజుల్లో దేవరకొండలో రోడ్ల కచేరీలో జీతాల గుమాస్తాను. ఇంజనీరు దగ్గర్నుంచి జవాను దాకా అందరి జీతం బిల్లు నెలనెలా నా చేతి మీదుగా పోవలసిందే. ఎవరి జీతంలో ఏం పట్టుకోవాలో, ఏం పట్టుకోకూడదో చూసేది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పాపం, తెలియక చేశాడేమో అని మీరు అనుకునే వీలు ఉండకూడదు.

ఆమె పెళ్ళికి ముందే పట్నం వెళ్ళి కాన్పుల పని నేర్చుకుని వచ్చింది. సర్కారు దవాఖానలో ఉద్యోగం. కొండ కింద ఉన్న ఊళ్ళ నుంచీ, గుట్టల అవతలి పల్లెల నుంచీ బండ్లు కట్టుకుని ఆమె కోసం వచ్చేవాళ్ళు. వానలోనైనా, నట్టెండలోనైనా ఆ బండెక్కి వెళ్ళేది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకునేది. మోచేతుల దాకా సబ్బు పెట్టి, చర్మం ఎర్రబడేదాకా కడుక్కునేది. తిరిగి వచ్చాక ఒక్క మాటే చెప్పేది. "ఇద్దరు మంచిగున్నరు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నేను సరిగ్గా చూడలేదు. చూడకుండా తల తిప్పుకునేవాణ్ణి. ఎందుకు తిప్పుకున్నాను? దాని జవాబు కోసమే ఇదంతా.

ఇలాంటి కథల్లో అత్తగారి మీద నెపం పెట్టడం సులువు. నాకు ఆ వీలు కూడా లేదు. మా అమ్మ మాతోనే ఉండేది, మా పిల్లవాణ్ణి తనే పెంచింది. గుమ్మం ముందు బండి ఆగిన చప్పుడైతే కోడలి కంటే ముందు అమ్మే లేచేది. "నువ్వు పో బిడ్డా, పిల్లగాన్ని నేను జూసుకుంట. ఆడ ఒక తల్లి తన్లాడుతాంది" అనేది. ఇంట్లో కోడలి ఉద్యోగం గిట్టనిది నా ఒక్కడికే. అది కూడా నోరు తెరిచి చెప్పుకోలేని గిట్టకపోవడం.

ఒకసారి అంగట్లో ఒక రైతు నన్ను ఆపాడు. వయసు మళ్ళిన మనిషి. తలపాగా తీసి చేతిలో పట్టుకుని మరీ అడిగాడు. "అయ్యా, నువ్వు నర్సమ్మ పెనిమిటివి గదా?" అవునన్నాను. "మా కోడల్ని, మనుమన్ని బతికిచ్చిన తల్లి. గీ పచ్చజొన్నలు జర ఇంటికి తీస్కపో బాంచెన్" అని మూట నా భుజానికి ఎత్తాడు. వద్దంటే వినలేదు. ఆ మూట మోసుకుంటూ ఇంటిదాకా నడిచాను. దారి పొడుగునా నాకొకటే మాట వినిపించింది. నర్సమ్మ పెనిమిటి. అంతమంది జీతాలు నా చేతి మీదుగా పోతాయి, నా దస్తఖత్ పడనిదే ఎవరికీ పైసా రాదు, అంగట్లో నాకంటూ ఒక పేరు లేదు. ఆ పచ్చజొన్నల రొట్టెలు ఆ సాయంత్రం ఆమె వేడివేడిగా వేసి పెడితే ఆకలి లేదని లేచిపోయాను. ఎంత చిన్న బుద్ధి! రాస్తుంటే చేయి సిగ్గుపడుతోంది. రాయకపోతే మాత్రం మిగతాదంతా మీకు అర్థం కాదు.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు అది. దవాఖాన డాక్టరు ఆమెను పిలిచి, పాలమూరు పెద్ద దవాఖానకు తరక్కీ మీద, అంటే పై ఉద్యోగం ఇచ్చి, పంపడానికి ఆమె పేరు పైకి రాశానని, ఎండాకాలం పోయాక హుకుం రావచ్చని చెప్పాడు. తరక్కీ వస్తే ఆమె జీతం నా జీతాన్ని దాటుతుంది. ఆమె పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, ముందు అమ్మకు చెప్పి, తర్వాత నాకు చెప్పింది. నేను కూడా పాలమూరుకు బదిలీ అడుక్కుంటే అందరం పోవచ్చు అంది. నిజమే. మా ఇంజనీరు మంచివాడు, అడిగితే కాదనేవాడు కాదు. నేను అడగలేదు.

ఆ ఏడే ఆదాయపు పన్ను హద్దును కిందికి దించారు. అప్పటిదాకా ఆ పన్ను పెద్ద ఆఫీసర్ల గొడవ. ఇప్పుడు మాకూ పడుతుందా అని కచేరీలో అందరూ నన్నే అడిగేవారు. నేను చదివి చెప్పేవాణ్ణి. అసలు సంగతి చాలా సులువు. ఎవరి జీతం వారిది. మొగుడొక కచేరీలో, భార్య ఇంకో కచేరీలో పనిచేస్తుంటే, ఆయన జీతానికి ఆయన కచేరీలో, ఆమె జీతానికి ఆమె కచేరీలో విడివిడిగా లెక్క చూస్తారు. హద్దు దాటినవాళ్ళుంటే వాళ్ళ జీతంలోనే పట్టుకుంటారు. మా ఇద్దరిలో ఎవరి జీతమూ హద్దు దాటదు. తరక్కీ వచ్చినా ఆమెది దాటదు. మొగుడూ పెళ్ళాల రాబడి కలిపే నియమం ఒకటి ఉన్న మాట వాస్తవమే. షావుకారు తన దుకాణంలో భార్యకు వాటా రాసో, తన ఆస్తి ఆమె పేర పెట్టో పన్ను ఎగ్గొట్టకుండా, ఆ రాబడిని తెచ్చి ఆయన లెక్కలో కలుపుతారు. కష్టం చేసి తెచ్చుకున్న జీతానికి దానితో సంబంధం లేదు. ఇదంతా కచేరీలో నలుగురికి విడమరచి చెప్పింది నేనే.

ఒక సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. నేను గడప మీద కూర్చున్నాను. ఆ మాటలు ఇప్పటికీ ఒక్కటీ పొల్లుపోలేదు.

"గీ తరక్కీ మంచిదే. గని ఒక చిక్కున్నది" అన్నాను.

"ఏం చిక్కు?"

"ఇద్దరం నౌకరి చేస్తున్నం గద. ఈ ఏడు నుంచి మొగడు పెండ్లాల జీతాలు రెండు కలిపి ఒక్కటే లెక్క గడుతరు. కలిపితే హద్దు దాటుతది. దాటినంక నా జీతంలకెల్లి పట్టుకుంటరు."

చాట ఆగింది. "నా జీతానికి నీ జీతంల ఎందుకు పట్టుకుంటరు?"

సరైన ప్రశ్న. లోకంలో ఇంతకంటే సరైన ప్రశ్న లేదు. అయినా నోరు తడబడలేదు.

"ఇంటి పెద్దను నేను గద. రూలు గట్లున్నది."

"ఎంత పోతది?"

"నీకు పెరిగేదాని కంటె ఎక్కువనే పోతది."

ఆమె కందుల్లోంచి ఒక రాయి ఏరి పారేసింది. "అంటె నేను ఎంత కష్టపడితే మనకు అంత నష్టమన్నట్టు."

"నౌకరి వద్దని నేను అంటలేను. రూలు చెప్తున్న."

"నువ్వు జీతాల గుమాస్తవు. నీకు తెల్వంది ఎవలికి తెలుస్తది" అంది. అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ చివరి మాటే నన్ను ఇన్నేళ్ళు కాల్చింది. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. కోపగించుకుని, డాక్టరు దగ్గరికో ఇంకెవరి దగ్గరికో వెళ్ళి అడిగి వస్తానని అన్నా బాగుండేది. ఆమె నన్ను నమ్మింది. నా చేతిలో ఉన్న ఒకే ఒక విద్యను నమ్మింది. నేను ఆ విద్యతోనే ఆమెను కొట్టాను.

తరక్కీ ఒక్కటి ఆగితే చాలనుకున్నాను. అలాగే అనుకున్నానా? ఇన్నాళ్ళూ అలాగే చెప్పుకున్నాను. అంతే అయితే ఆ తర్వాత చేసిన పని ఎందుకు చేశాను? మరుసటి నెల జీతం రోజున కొంత సొమ్ము తీసి కచేరీలో నా మేజా సొరుగులో దాచి, మిగిలింది ఇంట్లో ఇచ్చి, "సూసినవా, అప్పుడే పట్టుకున్నరు" అన్నాను. ఆ పై నెల కూడా అదే చేశాను. సర్కారు పట్టుకోని సొమ్మును నేను పట్టుకున్నాను. ఆమె దాన్ని చూసి దిగులుపడింది. ఇల్లు ఎలా గడుస్తుందని కాదు ఆమె దిగులు. తన మూలంగా నా కష్టార్జితం కోతకు గురవుతోందని. ఇంకొకరి పాపపు సొమ్ము తిన్నట్టు ముఖం పెట్టేది.

రెండో నెల దాటాక ఒక పొద్దున ఆమె రాజీనామా ఇస్తానంది. "తరక్కీ వద్దనుడు గాదు, మొత్తమే ఇడిసిపెడుత" అంది. ఆపవలసిన క్షణం అది. ఒక్క మాట చాలు. నేను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "నీ ఇష్టం" అన్నాను.

నీ ఇష్టమట! ఆమె ఇష్టం ఏమిటో ఆ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

డాక్టరు కారణం అడిగితే ఆమె చెప్పిందట, సర్కారు లెక్క ప్రకారం ఇద్దరు పనిచేస్తే మాకు నష్టమని. ఆయన, ఈ లెక్కలన్నీ నాకేం తెలుసమ్మా, మీ ఆయనకే తెలియాలి అన్నాడట. ఆ ఒక్క గండం గడిచాక ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. దాచిన సొమ్ముతో నారాయణపేట చీర ఒకటి కొని తెచ్చాను. ఆమె అది కట్టుకుని చుట్టాల పెళ్ళికి వచ్చి, "నౌకరి లేకున్నా నన్ను తక్కువ జెయ్యలే" అని అందరికీ చెప్పుకుంది. నేను పక్కనే నిలబడి విన్నాను. విన్నాను, నవ్వాను కూడా.

ఆమె మానేశాక చాలాకాలం ఆ ఉద్యోగానికి ఎవరూ రాలేదు. బండ్లు మా ఇంటికే వచ్చేవి. ఆమె వెళ్ళేది, జీతం లేకుండానే. తర్వాత కొత్త నర్సు వచ్చింది. డాక్టరు మర్యాదగానే కబురంపాడు, ఇక మీరు వెళ్ళడం బాగుండదమ్మా అని. ఆ తర్వాత ఒకసారి ఎవరో వచ్చి పిలిస్తే ఆమె గబుక్కున లేచి, రెండడుగులు వేసి, ఆగి, దవాఖానకు పొమ్మని చెప్పి వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడం నేను చూశాను. ఈసారి తల తిప్పుకోలేదు, ఎందుకంటే నేను కోరుకున్నది అదే. కోరుకున్నది కళ్ళముందుకు వచ్చాక సంతోషం ఎందుకు రాలేదు? అంగట్లో నా పేరు ఎవరైనా అడిగారా? అదీ లేదు. నర్సమ్మ ఎందుకు మానేసిందని మాత్రం అందరూ అడిగేవాళ్ళు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఆమె నా అబద్ధాన్ని నలుగురికీ మేలు చేస్తున్నాననుకుని చెప్పింది. బడిలో పంతులమ్మకు చెప్పింది. తాలూకా కచేరీ గుమాస్తా భార్యకు చెప్పింది. "ఇద్దరికి నౌకరి ఉంటే కలిపి కోస్తరట, మా ఆయన చెప్పిండు" అని. నేను కచేరీలో ఒక మాట చెబుతుంటే, అదే ఊళ్ళో నా పేరు మీద దానికి అడ్డంగా ఇంకో మాట తిరిగేది. ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారని ఎప్పుడూ బిక్కుబిక్కుమంటూ ఉండేవాణ్ణి. నాతో పనిచేసేవాళ్ళను ఇంటికి పిలవడం మానేశాను. వచ్చినవాళ్ళను వాకిట్లోంచే సాగనంపేవాణ్ణి.

తర్వాత నాకు హాలియాకు బదిలీ అయింది. సాగర్ కాలువ పనులతో ఆ ఊరు కొత్తగా కళకళలాడుతోంది. అమ్మ అప్పటికి లేదు. కొడుకు నల్గొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. అలా ఉండగా నా భార్య చెల్లెలు ఒకరోజు కల్వకుర్తి నుంచి బస్సు దిగి వచ్చింది. ఆమెను సుగుణ అనుకుందాం. అక్క పట్టుబట్టి చదివించిన పిల్ల. కల్వకుర్తిలో ఆడపిల్లల బడిలో టీచరు. ఇంకో బడి మాస్టరుతో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందే ఉద్యోగం వదిలేయమని అక్క కబురు పంపిందట. ఎందుకో మీకు చెప్పక్కరలేదు.

భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. సుగుణ నా ముఖంలోకి చూసి అడిగింది. "బావా, నువ్వే చెప్పు. అక్క అన్నది నిజమేనా? ఇద్దరి జీతాలు కలిపి పట్టుకుంటరా? నాకైతే బడి ఇడిసిపెట్ట బుద్ధయితలేదు."

పక్కన నా భార్య, సమాధానం తెలిసినదానిలా నెమ్మదిగా వక్కలు కత్తిరిస్తోంది.

"కలపరు. ఎవరిది వాళ్ళకే" అన్నాను.

అడకత్తెర ఆగింది. "గప్పుడు కలిపిండ్రు గద?" అంది నా భార్య. అనుమానంతో కాదు. తప్పు దారి పట్టినవాడికి దారి చూపినట్టు అడిగింది.

ఆమె చూపించిన ఆ దారిలోంచే నేను పారిపోయాను. "గప్పుడు రూలు వేరే ఉండె. ఇప్పుడు మారింది."

ఆమె ముఖం విప్పారింది. చెల్లెలి చేయి పట్టుకుంది. "మంచిగాయె. నీ నసీబు మంచిగున్నది పొల్లా. నాకే జర తొందర వడ్డది, ఇంకొన్నేండ్లు ఆగితే సరిపోతుండె."

ఆ సంతోషంలో రవ్వంత కూడా కల్తీ లేదు. నేను లేచి నీళ్ళు తాగడానికి లోపలికి పోయాను. ఒకరి బతుకు సరిదిద్దాను కదా అని నన్ను నేను ఓదార్చుకోబోయాను. కుదరలేదు. పాత అబద్ధానికి కొత్త తాళం వేశాను, అంతే. పైగా ఇప్పుడు ఆమె తప్పును తన తొందరపాటు మీద వేసుకుంది.

ఎండాకాలంలో కల్వకుర్తిలో సుగుణ పెళ్ళయింది. తిరుగు ప్రయాణంలో దేవరకొండలో దిగి హాలియా బస్సు కోసం కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం. బస్టాండు రేకుల నీడలో జనం అంతా ఒక మూలకు చేరారు. ఒక పల్లెటూరి ఆమె మా వైపే చూసి చూసి, దగ్గరికి వచ్చింది. వెంట పరికిణీ కట్టిన ఒక పొడుగాటి పిల్ల.

"నర్సమ్మవు గదా నువ్వు? గుర్తువట్టినవా? వాన గొడుతుంటే బండిల అచ్చినవు మా ఊరికి. గిదే గా పిల్ల."

నా భార్య ఆ పిల్ల తల మీద చేయి వేసింది. వేసిన చేయి తీయలేదు. ఏం చదువుతున్నావని అడిగింది, పళ్ళు చూసింది, నవ్వింది. అప్పుడా తల్లి అంది: "మల్ల కాన్పుకు గూడ నీకోసమే అచ్చిన. లేవన్నరు. ఎట్లనో బతికి బయటపడ్డననుకో. గని నువ్వుంటే గంత భయం ఉండకపోతుండె. ఎందుకు ఇడిసిపెట్టినవమ్మా?"

"సర్కారు రూలు గట్లుండె చెల్లె" అంది నా భార్య. "ఇద్దరు నౌకరి జేస్తే కలిపి కోసేటోళ్ళు. ఇప్పుడు మారిందట. నా నసీబుల లేదు."

వాళ్ళ బస్సు వచ్చింది. తల్లీ కూతుళ్ళు వెళ్ళిపోయారు. ఆమె ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉంది. ఏమీ తెలియని మనిషికి ఆమె నా తప్పును సర్కారు పేరు మీద, నసీబు పేరు మీద అంత ఓపిగ్గా చెబుతుంటే విన్నాను. ధైర్యం వచ్చి చెప్పానని అనుకోకండి. ఇక లోపల జాగా లేదు. అందుకే బయటికి వచ్చింది.

"ఆ రూలు మారలే" అన్నాను.

"ఏం రూలు?"

"జీతాలు కలిపేది. గసొంటి రూలు ఎన్నడు లేకుండె. నేనే అబద్ధం చెప్పిన."

ఆమెకు వెంటనే అందలేదు. "మరి రెండు నెల్లు పట్టుకున్నరు గద?"

"ఎవ్వరు పట్టుకోలే. నేనే దాచిన. నీకు చీర తెచ్చింది గా పైసలతోనే."

ఆమె నావైపు పూర్తిగా తిరిగింది. "ఎందుకు?" అంది.

ఎన్నో కారణాలు తయారుచేసి పెట్టుకున్నాను ఇన్నేళ్ళలో. పిల్లవాడు చిన్నవాడని, బండ్ల మీద తిరుగుడు ప్రమాదమని. ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదే వచ్చింది. "అందరు నిన్నే అడిగేటోళ్ళు. నన్ను ఎవ్వరు అడగకపోయేటోళ్ళు."

"గంతేనా?" అంది.

గంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే ఆమెకు కొంత ఊరటగా ఉండేదేమో. నా దగ్గర లేదు.

హాలియా బస్సులో ఆమె ముందు సీట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. మీకు వింతగా ఉంటుంది, నాకూ వింతగానే ఉంది. ఆ బస్సులో నిలబడి ఉంటే లోపల ఎప్పటినుంచో బిగించి కట్టిన మూట ముడి ఊడినట్టు ఉంది. ఆమెకు అంత నొప్పి పెట్టి నేను తేలికపడటం న్యాయమా? కాదు. అయినా తేలికపడ్డాను. అదీ మీకు దాచను.

ఆమె కొన్నాళ్ళు చెల్లెలి దగ్గరికి వెళ్ళి ఉంది. సుగుణకు అంతా తెలిసింది. మరదలి హాస్యాలు అంతటితో పోయాయి, ఇప్పుడు నన్ను 'మీరు' అంటుంది. నా భార్య తిరిగి వచ్చిన రోజున సంచి కింద పెట్టకముందే చెప్పింది. "మాఫ్ జేసిన అనే మాట నా నోట రాదు. నువ్వు అడగకు. నేను ఈడనే ఉంట, నా పనికి నేను పోత." సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయిందని కనుక్కుని వచ్చిందట. కాలువ పనికి వచ్చిన కూలీల గుడిసెల్లో కాన్పులకు వెళుతోంది. ఎవరు ఏమిస్తే అది తీసుకుంటుంది, తనే దాచుకుంటుంది. ఎక్కడికి పోతున్నదీ చెప్పి వెళ్ళదు. నేను అడగను. నీళ్ళు కాచి పెడతాను. అన్నం వండుతాను, అప్పుడప్పుడూ మాడుస్తాను.

మొన్నటి ఆదివారం మా కచేరీలో కొత్తగా చేరిన కుర్ర గుమాస్తా భార్యను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆమెకు ఇక్కడి బడిలో ఉద్యోగం వచ్చింది. చేరాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నారు. వాళ్ళది దేవరకొండ. నా భార్య కూడా అక్కడే కూర్చుని ఉంది. ఆమే నర్సమ్మ అని వాళ్ళకు తెలియదు.

"ఇద్దరం జేస్తే జీతాలు కలిపి కోస్తరట గద సార్?" అన్నాడతను. "మా ఊర్ల అందరు గదే అంటరు. ఎన్కట దేవరకొండల నర్సమ్మ అని ఉండెనట. ఆమెనే చెప్పిందట."

నా భార్య తల ఎత్తింది.

దేవరకొండలో ఆ అబద్ధం ఇంకా బతికే ఉంది. అది కూడా నా పేరు మీద కాదు, ఆమె పేరు మీద. ఒక ఊరి తల్లులు చేతులెత్తి మొక్కిన మనిషి పేరు మీద.

"కలపరు" అన్నాను. "నీ జీతానికి నీ కచేరీల చూస్తరు, ఆమె జీతానికి ఆమె బడిల చూస్తరు. ఎవరిది హద్దు దాటితే వాళ్ళదాంట్లనే పట్టుకుంటరు. మీ ఇద్దరిది దాటదు. ఆమెను రేపే పోయి చేరుమను." అతను తల ఊపాడు. నేను ఆగలేదు. "నర్సమ్మ తప్పు చెప్పలే. ఆమెకు నేను తప్పు చెప్పిన. ఈమెనే నర్సమ్మ. నౌకరి మాన్పియ్యాలని నేనే లేని రూలు పుట్టిచ్చిన. మీ ఊరికి పోయినప్పుడు గీ మాట గూడ చెప్పు."

ఆ కుర్రవాడు ఎటు చూడాలో తెలియక నేలను చూశాడు. అతని భార్య మాత్రం నా భార్యనే చూస్తూ ఉండిపోయింది. నా భార్య లేచి, ఆ పిల్లతో, "బడి ఎన్ని గంటలకు మొదలు?" అని అడిగి, ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది. లోపల వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమిటో నాకు వినిపించలేదు. వినాలని చెవులు రిక్కించనూ లేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె నాతో ఆ విషయం ఎత్తలేదు. ఇవాళ్టిదాకా ఎత్తలేదు. ఎత్తుతుందని నేనూ కాచుకుని కూర్చోలేదు. ఆమె ఇవ్వనని చెప్పిన మాఫీని ఇంకో దారిలో అడగడం కూడా దొంగతనమే. నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఆ కుర్రవాడు చెప్పే ఊరు ఒకటే కదా, మాట ఎన్ని ఊళ్ళకు పాకిందో నాకు తెలియదు. అందుకే మీకు రాశాను. ఇద్దరూ సంపాదిస్తే సర్కారు రెండూ కలిపి కోస్తుందని, నర్సమ్మ అనే ఆవిడ చెప్పిందని మీ చెవిన ఎప్పుడైనా పడి ఉంటే, ఆ మాట ఆమెది కాదు. నాది. తెలిసి చెప్పాను, ఓర్వలేక చెప్పాను.

రాసేశాను. చేయి తిమ్మిరెక్కింది. ఊపిరి మాత్రం గుండె నిండా ఆడుతోంది.